టామ్ వాయించడం ఆపలేదు

"అది చిన్నప్పటి జ్ఞాపకం కదా, అందుకే అంత ఇష్టం" అని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. టామ్ అండ్ జెర్రీలో టామ్ నల్ల కోటు వేసుకుని పియానో వాయించే ఎపిసోడ్ గురించి ఎప్పుడు కబుర్లు మొదలైనా చివరికి ఈ మాటే వస్తుంది. ఆఫీసులో, పెళ్లి భోజనాల దగ్గర, సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో నడిచేటప్పుడు కూడా. ఎపిసోడ్ పేరు ఎవరికీ గుర్తుండదు, అందులో వాయించిన సంగీతం ఎవరిదో తెలీదు. కానీ "పియానోలో జెర్రీ పడుకుని ఉంటాడే, అది" అంటే చాలు, నలభై దాటినవాళ్లు కూడా గాల్లో వేళ్లు ఆడించి చూపిస్తారు. ఆ తర్వాత నవ్వేసి, అదంతా చిన్నతనం అని తేల్చేస్తారు.

జ్ఞాపకమే కారణమైతే మా అమ్మాయికి అది నచ్చడానికి వీల్లేదు. దానికి ఏడేళ్లు. కేబుల్ టీవీ ముందు నేను గడిపిన సాయంత్రాలు దానికి తెలీవు. రిమోట్ చేతిలో ఉంటే ప్రపంచంలోని కార్టూన్లన్నీ దాని ముందు ఉన్నట్టే. ఇంతకంటే మెరిసే రంగులు, ఇంతకంటే వేగం ఉన్నవి కావలసినన్ని. అయినా ఈ పాత ఎపిసోడ్ వస్తే ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నప్పుడు నేను ప్రాణం పెట్టి చూసిన కార్టూన్లు వేరేవి చాలా ఉన్నాయి. ఇప్పుడు వాటిని పెట్టుకుంటే రెండు నిమిషాలు కూర్చోలేను. జ్ఞాపకానికి అంత శక్తి ఉంటే వాటినీ కాపాడాలి కదా! కాపాడలేదు. కాబట్టి ఈ ఎపిసోడ్ బలం నా బాల్యంలో లేదు, దాన్ని తయారుచేసిన తీరులో ఉంది. ఆ తీరు ఏమిటో నాకు అర్థమైనంత వరకూ చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు దాని పుట్టుక. ఎపిసోడ్ పేరు 'ది క్యాట్ కన్సర్టో'. దర్శకులు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం తీసింది. 1947 ఏప్రిల్ 26న విడుదలైంది, అంటే మన దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. అన్ని హాళ్లలోకీ రాకముందే, ఆ ఏడాది మార్చిలోనే, 1946కి గాను కార్టూన్ లఘుచిత్రాల ఆస్కార్ దీనికి వచ్చేసింది. టామ్ అండ్ జెర్రీకి వరసగా అది నాలుగో ఆస్కార్. ఆ తర్వాత ఇంకో మూడు వచ్చాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. దీన్ని పిల్లల కోసం తీయలేదు. అప్పట్లో ఇలాంటివి సినిమా హాల్లో అసలు సినిమాకు ముందు వేసేవాళ్లు. రోజంతా పని చేసి, టికెట్ కొనుక్కుని వచ్చిన పెద్దవాళ్లు కూడా చూసేవాళ్లు. ఇవి 'పిల్లల ప్రోగ్రాములు' అయిపోయింది టీవీ వచ్చాకే. మన దేశంలో 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మొదలయ్యాక మా తరానికి ఇవి అలాగే పరిచయమయ్యాయి. కానీ తీసేటప్పుడు ఆ హాలంతటినీ కూర్చోబెట్టాలి. "పిల్లలే కదా, ఇది చాల్లే" అనుకునే వీలు వాళ్లకు లేదు. ఎనిమిది నిమిషాలు కూడా నిండని ఆ సినిమాలో ప్రతి క్షణం ఆ సంగతి కనిపిస్తుంది.

టామ్ వాయించేది హంగరీ సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్ పియానో కోసం రాసిన హంగేరియన్ రాప్సొడీల్లో రెండోది. లిస్ట్ అలాంటివి మొత్తం 19 రాశాడు. ఈ రెండోది 1847లో రాశాడు, 1851లో అచ్చయింది. అంటే ఎపిసోడ్ వచ్చేనాటికే ఆ సంగీతానికి నూరేళ్లు. చేయి తిరిగిన పియానో కళాకారులకు కూడా పరీక్ష పెట్టే రచన అది. మొదటి భాగం నెమ్మదిగా, బరువుగా, దొర నడిచినట్టు నడుస్తుంది. రెండో భాగం పరుగు. మన కచేరీ భాషలో చెప్పాలంటే విలంబంలో మొదలై ద్రుతంలోకి వెళ్తుంది. దర్శకులు ఈ రెండు భాగాల్నీ కథగా మార్చేశారు. నెమ్మది భాగం టామ్ గర్వానిది. కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, తనంతటివాడు లేడన్నట్టు వాయిస్తాడు. పియానో లోపల సుత్తుల మీద నిద్రపోతున్న జెర్రీ ఆ దెబ్బలకు లేస్తాడు. పరుగు భాగం వచ్చేసరికి ఇద్దరి మధ్యా యుద్ధమే. అంటే కథ లిస్ట్ సంగీతంలో ముందే ఉంది, వీళ్లు దాన్ని పట్టుకున్నారు. సంగీతం ఒక పక్క, బొమ్మ ఒక పక్క ఉండి రెంటినీ అతికించినట్టు ఎక్కడా అనిపించదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఎపిసోడ్‌కి ఒకే ఒక్క నియమం ఉంది: కచేరీ ఆగకూడదు. మిగతా ఎపిసోడ్లలో టామ్‌కి ఏ అడ్డూ లేదు. ఇల్లంతా పరిగెడతాడు, గిన్నెలు పగలగొడతాడు, గోడలకు గుద్దుకుంటాడు, అరుస్తాడు. ఇక్కడ అతను నిండు సభలో కూర్చున్నాడు. కుర్చీ దిగి ఎలుక వెంట పరిగెత్తకూడదు. నొప్పి వచ్చినా ముఖంలో కనిపించనీయకూడదు. జెర్రీ ముందుకొచ్చి వాద్యబృందాన్ని నడిపించేవాడిలా చేతులు ఊపి వెక్కిరిస్తే, వేలితో ఒక్క మీటు మీటి మళ్లీ పాటలో పడాలి. పియానో మూత వేళ్ల మీద పడ్డా వాయించాలి. పియానో మెట్టు మీద, అంటే వేలితో నొక్కే పలక మీద, వేలు పడిన ప్రతిసారీ జెర్రీ కత్తెర పట్టుకుని కాచుకున్నా వాయించాలి. కత్తెరతో లాభం లేక జెర్రీ రెండు మెట్లు తీసి వాటి స్థానంలో స్ప్రింగు ఎలుకబోను పెడతాడు. అప్పుడు చూడాలి. టామ్ వేళ్లు దాని పక్కనే పడతాయి, ఇటు పడతాయి, అటు పడతాయి, బోను మీద మాత్రం పడవు. చూసేవాడి ఊపిరి ఆగిపోతుంది. పడుతుందని తెలుసు, ఎప్పుడో తెలీదు. చివరికి పడుతుంది. అయినా పాట ఆగదు.

పిల్లలకు ఇది ఎందుకు అంత బాగా అర్థమవుతుందని నేను చాలా ఆలోచించాను. పిల్లల జీవితంలో సగం ఇదే కదా! బిగుతుగా ఉన్న పట్టు బట్టలు వేసి పెళ్లిలో ముందు వరసలో కూర్చోబెడతారు. కదలొద్దంటారు. స్కూల్లో ప్రేయర్ లైన్లో నిలబడ్డప్పుడు వెనకవాడు జడ లాగుతాడు, వెనక్కి తిరిగితే మేడమ్ చూస్తుంది. యానివర్సరీ డే నాటకంలో కిరీటం జారి కళ్ల మీదికి వస్తుంది, డైలాగ్ మాత్రం చెప్పాలి. పైకి బుద్ధిగా ఉంటూ లోపల దురదతో, నవ్వుతో, కోపంతో తన్నుకులాడటం పిల్లలకు రోజూ ఉండే టెన్షన్. టామ్ ఆ సభలో ఎలా కూర్చున్నాడో వాళ్లకు తెలుసు. జెర్రీ చేసే పని చేయాలని వాళ్లకు ఎంతగా ఉంటుందో అదీ వాళ్లకు తెలుసు. ఒకే పిల్లలో ఆ ఇద్దరూ ఉంటారు. అందుకే మా అమ్మాయి ఒక నిమిషం టామ్ అవుతుంది, మరుక్షణం జెర్రీ అవుతుంది.

పెద్దయ్యాక చూస్తే వేరేది కనిపిస్తుంది. మీటింగులో నిలబడి మాట్లాడుతుంటే జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతుంది, ఇంటి దగ్గర నుంచి అని తెలుసు, ముఖంలో మాత్రం ఏమీ కనిపించకూడదు. అప్పుడు టామ్ గుర్తొస్తాడు. ఏడేళ్లప్పుడూ నలభై ఏళ్లప్పుడూ ఒకే చోట వేరువేరు కారణాలతో నవ్వించగలిగిన పనిని జ్ఞాపకం అనే మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

ఈ సంగతి నాకంటే ముందు పట్టుకున్నది మా అమ్మమ్మ. ఆమెది విజయనగరం దగ్గర పల్లె. హరికథలు, బుర్రకథలు, తోలుబొమ్మలాటలు తెల్లవార్లూ చూసిన మనిషి. మేం విశాఖ స్టీల్ ప్లాంట్ వాళ్ల ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు వేసవిలో మా ఇంటికి వచ్చేది. టీవీ ముందు మేం పొర్లి పొర్లి నవ్వుతుంటే మా వెనక కూర్చుని చూసేది. "ఓలమ్మ, పాపం ఆ పిల్లిని వాయించుకోనీండర్రా" అనేది. మేమంతా జెర్రీ వైపు. ఆవిడ ఒక్కతే టామ్ వైపు. ఎందుకని అడిగితే ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "మద్దిలో ఏటైనా అవనీ, ఆడు ఆపీనేదు సూడు. అదీ ఇద్దె అంటే." ఇద్దె అంటే విద్య.

ఆమె చూసిన హరిదాసులు అలాంటివాళ్లు. పెట్రోమాక్స్ లైటు ఆరిపోయినా, పిల్లలు ఏడ్చినా, జనంలో ఎవరో గొడవ పెట్టుకున్నా, కాలి గజ్జె తెగినా, చిడతల తాళం తప్పకూడదు. విజయనగరం చుట్టుపక్కల ఆ పట్టుదల ఊరికే రాలేదు. హరికథకు మన దగ్గర పెద్దదిక్కయిన ఆదిభట్ల నారాయణదాసు ఊరది. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు తర్వాత అక్కడే ఆ పదవిలో కూర్చున్నారు. ఆ గాలి పీల్చిన పల్లెల్లో చదువు రాని ముసలావిడ కూడా కచేరీ మర్యాద ఏమిటో చెప్పగలిగేది. లిస్ట్ పేరు వినకపోయినా, పియానో కంటితో చూడకపోయినా, వేదిక మీద కూర్చున్నవాడి కష్టం ఆవిడకి ఇట్టే తెలిసింది.

తోలుబొమ్మలాట సంగతి కూడా చెప్పాలి. రామాయణం గంభీరంగా నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి అల్లరి పెడతారు. కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, పెద్ద కథను కాసేపు పక్కకు లాగేస్తారు. నిద్రకు జోగుతున్న పిల్లలు లేచి కూర్చునేది అప్పుడే. గంభీరమైనది లేకపోతే కేతిగాడికి పని లేదు. కేతిగాడు లేకపోతే పిల్లలు ఆ గంభీరమైనదాన్ని తెల్లవార్లూ మోయలేరు. హన్నా, బార్బెరాలకు మన బొమ్మలాట తెలిసే అవకాశం లేదు. కానీ మా అమ్మమ్మకి జెర్రీ ఎవరో ఎవరూ పరిచయం చేయక్కర్లేకపోయింది.

ఉక్కునగరం గురించి ఇంకొక్క మాట. విశాఖలో పెరగడం వల్ల నాకు ఈ ఎపిసోడ్ విలువ ఇంకో రకంగా తెలిసింది. మా బ్లాకులో తెలుగువాళ్లతో పాటు ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. నేవీ క్వార్టర్స్‌లో పెరిగిన స్నేహితులూ ఇదే చెబుతారు, అక్కడైతే దేశమంతా ఉంటుంది. కొత్తగా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన పిల్లాడికి తెలుగు రాదు, మాకు వాడి భాష రాదు, స్కూల్లో నేర్చుకున్న హిందీ ఇద్దరికీ అంతంత మాత్రమే. మొదటి రోజుల్లో ఏం మాట్లాడుకోవాలో తెలీదు. ఎవరింట్లోనో టామ్ అండ్ జెర్రీ పెడితే అందరూ ఒకే క్షణంలో నవ్వేవాళ్లు. ఒకరు ముందు, ఇంకొకరు అనువాదం విన్నాక అన్నది లేదు. 'ది క్యాట్ కన్సర్టో'లో ఒక్క మాట కూడా లేదు. చైనా పియానో విద్వాంసుడు లాంగ్ లాంగ్ తనకు రెండేళ్ల వయసులో ఈ ఎపిసోడ్ చూసే పియానో మీద మనసు పోయిందని చాలాసార్లు చెప్పాడు. చైనాలో రెండేళ్ల పిల్లాడికీ, ఉక్కునగరంలో మాకూ, విజయనగరం పల్లె నుంచి వచ్చిన అమ్మమ్మకీ మధ్యలో ఎవరూ ఏమీ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

మాటలు లేకపోవడం ఒక్కటే చాలదు. మాటల్లేని కార్టూన్లు చాలా వచ్చాయి, చాలా పోయాయి. ఇక్కడ మాటల స్థానంలో పని ఉంది. సంగీతం చూసుకున్నది స్కాట్ బ్రాడ్లీ. హన్నా, బార్బెరాలు తీసిన టామ్ అండ్ జెర్రీలకు దాదాపు అన్నిటికీ ఆయనదే సంగీతం. మామూలు సీన్లో పిల్లి పరిగెడితే దానికి తగ్గట్టు వాద్యాలు పరిగెడతాయి. ఇక్కడ లెక్క తిరగబడింది. సంగీతం ముందే ఉంది, దాన్ని మార్చడానికి లేదు. ఏ స్వరం ఏ ఫ్రేములో పడుతుందో చూసుకుని దానికి బొమ్మ గీయాలి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఈ ఒక్క ఎపిసోడ్‌కి పదివేల పైచిలుకు ఫ్రేములు. కెన్నెత్ మ్యూస్, ఎడ్ బార్జ్, ఇర్వెన్ స్పెన్స్ లాంటి యానిమేటర్లు ఇదంతా కాగితం మీద పెన్సిల్‌తో చేశారు. పియానో తెలిసినవాళ్లు ఈ ఎపిసోడ్‌ని ఇంతగా మెచ్చుకునేది ఇందుకే. టామ్ వేళ్లు ఊరికే అటూ ఇటూ ఆడవు, చెవికి వినబడే స్వరం వైపే వెళ్తాయి.

ఈ కష్టం ఎవరి కోసం? 1947లో హాల్లో కూర్చున్న వందమందిలో పియానో వాయించడం తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? తప్పు వేలు గీసినా ఎవరూ పట్టుకోరు. పట్టుకోకపోయినా తేడా తెలుస్తుందని వాళ్లు నమ్మారు. మా అమ్మాయి కీబోర్డు నేర్చుకోకముందే టామ్ చేతులను అనుకరించేది. కుడిచేయి పరిగెత్తినప్పుడు ఎడమచేయి ఏం చేస్తుందో కూడా చూసి పట్టుకునేది. గీసినవాడు సరిగ్గా గీస్తేనే చూసేవాడు సరిగ్గా చూస్తాడు. పిల్లలకు తేడా తెలీదని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఒక పోలిక చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. దీనికి కొన్ని నెలల ముందు, 1946 నవంబర్‌లో, వార్నర్ బ్రదర్స్ స్టూడియో బగ్స్ బన్నీ అనే కుందేలు కార్టూన్ ఒకటి విడుదల చేసింది. దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్. అందులోనూ ఇదే లిస్ట్ రాప్సొడీ, ఇదే పియానో, అందులోనూ ఒక ఎలుక! రెండు స్టూడియోలూ ఒకరి మీద ఒకరు కాపీ ఆరోపణలు చేసుకున్నాయి. ఎవరు ఎవరిని చూసి తీశారన్న తగువు నాకు ముఖ్యం కాదు. బగ్స్ కార్టూన్ కూడా మంచిదే, నైపుణ్యానికి లోటు లేదు. కానీ బగ్స్ సభకు లొంగడు. దగ్గినవాడిని తుపాకీతో కాల్చేస్తాడు. పియానోలో ఫోన్ మోగితే ఎత్తి మాట్లాడతాడు. కచేరీ అతనికి ఒక సరదా, చెడిపోయినా అతనికి పోయేదేమీ లేదు. టామ్‌కి అలా కాదు. టామ్ ఆ కోటు వేసుకున్నందుకు, ఆ స్టూలు మీద కూర్చున్నందుకు, ఆ వెలుగులో వాయిస్తున్నందుకు నిజంగా మురిసిపోతున్నాడు. పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఏదో ఉంది. బగ్స్‌ని చూసి నవ్వుతాం. టామ్‌ని చూస్తే నవ్వుతో పాటు గుండె కొంచెం బిగుసుకుంటుంది. మా ఊళ్లో ఎవరిని అడిగినా గుర్తున్నది టామే కావడానికి, టీవీలో టామ్ ఎక్కువగా రావడం ఒక కారణం అయితే, ఇది రెండో కారణం. నాకు రెండోదే పెద్దది.

హుద్‌హుద్ రోజుల్లో ఒకటి చూశాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, తుపాను విశాఖను తాకింది. చెట్లన్నీ నేలకూలాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్లు లేవు, పాలకీ నీళ్లకీ లైన్లు. అప్పుడు మా అక్క పిల్లలు మా ఇంట్లో ఉన్నారు. టీవీ లేదు, ఆడుకోవడానికి బయటికి వెళ్లే పరిస్థితి లేదు. చీకటి పడ్డాక కొవ్వొత్తి పెట్టి, డైనింగ్ టేబుల్‌ని పియానో చేసుకుని, ఈ ఎపిసోడ్ ఆడారు. పెద్దోడు టామ్. చిన్నది టేబుల్ కింద దూరి జెర్రీ. సంగీతం నోటితోనే. వరస తప్పలేదు: ముందు నమస్కారం, తర్వాత నెమ్మది పాట, జెర్రీ లేవడం, మూత పడటం, కత్తెర, బోను, స్టూలు పైకీ కిందకీ తిరగడం. "బావా, ఆపకూడదు, నువ్వు టామ్‌వి" అని పక్కింటి పిల్లాడు కేకలు. తెర లేకుండా, బొమ్మ లేకుండా, లిస్ట్ లేకుండా కథ నిలబడింది. ఎక్కడ ఏది రావాలో పిల్లల ఒంట్లోకి దిగిపోయింది. నాటి బుర్రకథల్ని పల్లెల్లో పిల్లలు మర్నాడు వీధిలో ఆడేవాళ్లని అమ్మమ్మ చెప్పేది. ఒక కథ బతికుందా లేదా అని చూడటానికి నాకు ఇంతకంటే మంచి పరీక్ష తెలీదు.

అందుకే ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్నవి చూస్తే బాధగా ఉంటుంది. ఎలుకబోను ముక్క ఒక్కటి కోసి, కింద ఏదో సినిమా బీటు వేసి, అర నిమిషం వీడియో చేస్తున్నారు. వేలు బోనులో పడుతుంది, అందరూ నవ్వుతారు, వేలు పైకి తోస్తే ఇంకో వీడియో. ఆ వేలు అంతకుముందు ఎన్నిసార్లు తప్పించుకుందో చూడనివాడికి అది పడటంలో ఏముంది? దాని మొత్తం రుచి ఎదురుచూడటంలో ఉంది. ఇంకొందరు టామ్‌కీ జెర్రీకీ తెలుగు మాటలు పెట్టి, మిమిక్రీ గొంతులతో పంచ్‌లు వేయిస్తున్నారు. నాకు తెలుగంటే ప్రాణం. అయినా చెబుతున్నాను, ఇక్కడ మాట పెట్టడం అంటే టామ్ ముఖానికి ముసుగు వేయడమే. "అబ్బా నా వేలు" అని గొంతు అరిచేస్తే, అరవలేక బిగబట్టిన ఆ ముఖాన్ని ఎవరు చూస్తారు? అతను అరవలేకపోవడమే కదా కథ!

హింస గురించి కూడా అంటారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక తల్లి, పిల్లల మీద ఎంతో శ్రద్ధ ఉన్నావిడ, "వేళ్లు నలిగిపోతుంటే నవ్వడం నేర్పిస్తామా అండీ?" అని అడిగారు. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. టామ్ అండ్ జెర్రీలో నాకూ ఇబ్బందిగా అనిపించే ఎపిసోడ్లు ఉన్నాయి. నల్లజాతి వాళ్లను వెక్కిరించే బొమ్మలు పాతవాటిలో ఉన్నాయి, వాటిని పిల్లల ముందు ఏ వివరణా లేకుండా పెట్టడం నాకు ఇష్టం లేదు. ఈ ఎపిసోడ్‌లో అలాంటిదేదీ లేదు. ఇన్నేళ్లూ కత్తెర పడకుండా ఎక్కడికైనా వెళ్లగలగడానికి అదీ ఒక కారణమే. ఇక వేళ్ల సంగతి. పిల్లలు నవ్వేది నొప్పికి కాదని నా నమ్మకం. నొప్పి తగిలాక కూడా టామ్ తాళం తప్పకుండా వెనక్కి వచ్చే తీరుకు నవ్వుతారు. మా అక్క పిల్లల ఆటలో ఎవరూ ఎవరి వేళ్లూ నలపలేదు. మూత పడగానే టామ్ ఎలాంటి ముఖం పెట్టాలన్నదే వాళ్ల గొడవంతా.

మన దగ్గర పిల్లల కోసం ఇప్పుడు తయారవుతున్నవాటిని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. పిల్లలకు బరువైనది ఇవ్వకూడదని ఎవరు చెప్పారు? అవే నాలుగు రైమ్స్, అవే కళ్లు పెద్దవి చేసిన బొమ్మలు, ప్రతి మూడు సెకన్లకూ ఒక చప్పుడు. మన పెద్దవాళ్లు ఇలా అనుకోలేదు. ఐదారేళ్ల పిల్లలకు పోతన పద్యాలు నోటికి నేర్పేవాళ్లు. సమాసాలు విడగొట్టడం తర్వాత వచ్చేది, ముందు ఆ నడక నాలుకకి పట్టేది. కలకాలం ఉండేది అలా లోపలికి వెళ్లినదే. ఇవాళ తెలుగులో యానిమేషన్ గీసేవాళ్లకి చేయి లేదని నేను అనను. వాళ్లకి టైమ్ ఇవ్వరు, డబ్బు ఇవ్వరు, అన్నిటికంటే ముందు పిల్లల మీద నమ్మకం ఇవ్వరు. ఒక మృదంగ విద్వాంసుడు కచేరీలో పాట ఆపి ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొత్తాన్ని, ఒక్క లెక్కా తప్పకుండా, చేతి వేళ్లతో సహా గీసి, దాని చుట్టూ ఒక ఉడత అల్లరి కథ అల్లితే మన పిల్లలు చూడరా? చూస్తారు. విశాఖ కళాభారతి హాల్లో కచేరీకి తీసుకెళ్తే మా అమ్మాయి కళ్లు పాట పాడేవారి మీద కంటే మృదంగం వేళ్ల మీదే ఉంటాయి. టామ్ నేర్పిన చూపు అది.

ఎపిసోడ్ చివర ఏమవుతుందో అందరికీ గుర్తే. సుత్తుల మధ్య చావు దెబ్బలు తిన్న జెర్రీ కోపంతో రెండు సుత్తులు విరిచి, వాటితో ముగింపు తనే వాయించేస్తాడు. టామ్ అలసిపోయి, కోటు చెదిరిపోయి, పియానో మెట్ల మీద కూలిపోతాడు. చప్పట్లు మోగుతాయి. వెలుగు వచ్చి పడేది జెర్రీ మీద. నమస్కారం పెట్టేదీ జెర్రీయే.

ఈ ముగింపు దగ్గర నాకు ఎప్పుడూ ఆ ఆస్కార్ గుర్తొస్తుంది. టామ్ అండ్ జెర్రీకి వచ్చిన ఆస్కార్లు వేదిక మీద అందుకున్నది నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. ఆ పిల్లినీ ఎలుకనీ పుట్టించి, బతికించిన హన్నా, బార్బెరాలు కాదు. అందుకే నేను అమ్మమ్మ పార్టీ. నిండు సభలో అన్ని దెబ్బలూ తిని, ఒక్క చోట కూడా ఆపకుండా లాక్కొచ్చినవాడు టామ్. ఆ వెలుగు అతని మీద పడాలి. ఇదే మాట మా అమ్మాయితో అంటే వెంటనే ఎదురు తిరిగింది. "నాన్నా, నువ్వు సరిగ్గా చూడలేదు. లాస్ట్‌లో వాయించింది జెర్రీయే కదా. వాయించినవాళ్లే కదా దండం పెట్టాలి?" లాస్ట్‌లో వాయించింది జెర్రీయే, నిజమే. కానీ అంతవరకూ మోసుకొచ్చింది ఎవరు అన్నాను. జెర్రీ నిద్రపోతుంటే లేపింది ఎవరు అని అడిగింది. మొన్న ఆదివారం వాళ్ల పెద్దమ్మ కూడా దాని పక్షం చేరింది. మా ఇంట్లో ఇప్పుడు టామ్ వైపు నేనొక్కడినే.